పడవలో కుళాయి

కుళాయి నుంచి నీళ్లు చుక్క చుక్కగా కారుతున్నాయి. ఇంట్లో అయితే కింద బిందె పెడతాం. నడి సముద్రంలో అయితే ఏం చేస్తాం?

విశాఖపట్నం చేపల రేవు నుంచి మర పడవలు వేటకు వెళతాయి. కొన్ని పడవలు పది, పదిహేను రోజుల దాకా తిరిగి రావు. ఐసు, డీజిలు, బియ్యం, పప్పుతో పాటు తాగే నీళ్లు కూడా ఒడ్డు నుంచే తీసుకుపోవాలి. చుట్టూ ఎటు చూసినా నీళ్లే. కానీ తాగడానికి పనికిరావు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీళ్లు తాగితే దాహం తీరదు. పైగా ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది.

ఒక్క చుక్కే కదా!

ఒక చుక్కతో ఏం పోతుందిలే అనుకుంటాం. లెక్క వేసి చూద్దాం. సెకనుకు ఒక చుక్క కారితే గంటకు 3,600 చుక్కలు. రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలు కలిస్తే సుమారు ఒక మిల్లీలీటరు. అంటే రోజుకు నాలుగు లీటర్లకు పైనే పోతుంది. పదిహేను రోజులకు సుమారు 65 లీటర్లు.

పడవలో పదిమంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరు రోజుకు మూడు లీటర్లు తాగుతారు. అందరికీ కలిపి 30 లీటర్లు. కుళాయి పాడైతే పదిమంది రెండు రోజులు తాగే నీళ్లు నేలపాలు! ఇది చిన్న సంగతి కాదు.

ఆరుగురు ఆడవాళ్లు, ఒక పడవ

మన నౌకాదళానికి తారిణి అనే తెరచాప పడవ ఉంది. పొడవు సుమారు 56 అడుగులు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు ఆ పడవలో గోవా నుంచి బయలుదేరారు. భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న మళ్లీ గోవా చేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి. ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు అమ్మాయి. దారిలో చుక్కాని తిప్పే పరికరం పాడైంది. మారిషస్ దీవిలోని పోర్ట్ లూయిస్ రేవులో ఆగి బాగుచేసుకుని మళ్లీ కదిలారు.

రేవు దగ్గర ఉంటే మేస్త్రీని పిలవచ్చు. నడి సముద్రంలో ఎవరొస్తారు? చుక్కాని అయినా, కుళాయి అయినా పడవలో ఉన్నవాళ్లే చూసుకోవాలి. అందుకే ఈ పని తెలిసి ఉండడం మంచిది.

కుళాయి ఎందుకు పాడవుతుంది?

కుళాయి లోపల చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది. దాన్ని వాషరు అంటారు. తిప్పగా తిప్పగా అది అరిగిపోతుంది. అప్పుడు ఎంత బిగించినా చుక్క ఆగదు. వాషరు ఒక్కటే పోతే అది మారిస్తే చాలు. కుళాయి మార్చక్కర్లేదు.

పడవ మీద ఇంకో శత్రువు ఉంది. అదే ఉప్పు గాలి. ఇనుము తుప్పు పడుతుంది. ఇత్తడికి పచ్చటి చిలుము పడుతుంది. ఇత్తడి, ఇనుము ఒకదానికొకటి తగిలి ఉప్పునీటిలో తడిస్తే ఇనుము ఇంకా తొందరగా తినేస్తుంది. పైగా ఇంజను అదురుకు మరలు వదులవుతాయి. పాత పడవల్లో కుళాయి ఒంటికే బీట వస్తుంది. అలాంటప్పుడు కొత్తది వేయాల్సిందే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేట ఆపుతారు. పడవలకు మరమ్మతులు చేసుకునే కాలం అది. కుళాయి కూడా అప్పుడే చూసుకోవాలి.

ఎలా మార్చాలి?

కావలసినవి: కొత్త కుళాయి, రెండు పానాలు, తెల్లటి టెఫ్లాన్ టేపు, పాత గుడ్డ, బక్కెట్టు, టార్చిలైటు.

1. ముందు నీళ్లు ఆపాలి. ట్యాంకు దగ్గర కట్టు ఉంటే మూసేయాలి. లేకపోతే నీళ్లు బిందెల్లోకి పట్టుకోవాలి. నీళ్లు తోడే మోటారు ఉంటే స్విచ్చి తీసేయాలి. కుళాయి తిప్పి గొట్టంలో మిగిలిన నీళ్లు వదిలేయాలి.

2. తొట్టి కన్నంలో గుడ్డ కుక్కాలి. లేకపోతే మరలు జారి లోపల పడతాయి.

3. పాత కుళాయికి చిలుము పట్టి మర కదలకపోవచ్చు. ఇత్తడి బిందె తోమడానికి చింతపండు వాడతాం కదా? ఇక్కడా అదే చేయవచ్చు. చింతపండు పులుసులో గుడ్డ తడిపి మర చుట్టూ గంటసేపు చుట్టి ఉంచాలి. తర్వాత బాగా కడగాలి.

4. ఒక పానాతో గొట్టాన్ని కదలకుండా పట్టుకోవాలి. రెండో పానాతో కుళాయిని ఎడమ వైపుకు తిప్పాలి. ఒక్క పానాతో బలంగా లాగితే గొట్టం మెలి తిరిగి విరుగుతుంది. అప్పుడు పని రెండింతలవుతుంది.

5. పాత కుళాయిని దుకాణానికి తీసుకెళ్లి, దానికి సరిపోయేదే కొనాలి. పెట్టె మీద 15 మి.మీ. అని ఉంటే అది అర అంగుళం కుళాయి. తళతళ మెరిసినా లోపల నాసిరకం లోహం ఉన్నవి ఉప్పు గాలికి నిలవవు. మంచి ఇత్తడిది తీసుకోవడం మేలు.

6. గొట్టం చివర పాత టేపు, మట్టి తుడవాలి. కొత్త కుళాయి మరకు టేపు ఆరేడు చుట్లు చుట్టాలి. మర చివర మనవైపు ఉంచుకుని, గడియారం ముల్లు తిరిగే వైపుకే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి వచ్చేస్తుంది.

7. ముందు చేత్తో బిగించాలి. తర్వాత పానాతో కొంచెం తిప్పితే చాలు. మరీ బిగిస్తే ప్లాస్టిక్ గొట్టం పగులుతుంది.

8. నీళ్లు మెల్లగా వదలాలి. అతుకు కింద పొడి కాగితం పెట్టాలి. పది నిమిషాల తర్వాత కాగితం తడవకపోతే పని బాగా జరిగినట్టే. మొదటి రెండు బక్కెట్ల నీళ్లు తాగడానికి వాడకూడదు.

మొదటి వేట నుంచి పడవ రాగానే మళ్లీ ఒకసారి అతుకు చూడాలి. అదురుకు వదులై ఉంటే కొంచెం బిగించాలి.

ఇంటి కుళాయి కూడా ఇంతే

ఇంట్లో కుళాయి మార్చే పద్ధతి కూడా దాదాపు ఇదే. ఇది మగవాళ్ల పని, మనకెందుకు అని చాలామంది అనుకుంటారు. కానీ కుళాయి దగ్గర ఎక్కువసేపు నిలబడేది ఎవరు? బిందెలు మోసేది ఎవరు? నీళ్లు పోతే ఇబ్బంది పడేది ఎవరు?

అక్షరాలు, అంకెలు వచ్చిన అమ్మ పెట్టె మీద అంకె తానే చదువుతుంది. 15 అడిగితే 20 చేతిలో పెడితే ఊరుకోదు. "ఇది కాదు బాబూ, నాకు కావలసింది పదిహేను" అంటుంది.

ఈ రోజే మీ ఇంట్లో కారుతున్న కుళాయి కింద గ్లాసు పెట్టండి. గంటలో ఎన్ని నీళ్లు వచ్చాయో చూడండి. దాన్ని 24తో హెచ్చించండి. వచ్చిన లెక్క గోడ మీద రాయండి. ఆ అంకె చూశాక పానా కోసం మీరే వెతుకుతారు.