లక్షమంది చూడక్కర్లేదు... ఇరవై ఇళ్లు చాలు

కోత మిషన్ కయ్యలోంచి బయటికొచ్చేసరికి దళారి కల్లం దగ్గర నిలబడి ఉంటాడు. పుట్టి ఇంత అంటాడు. తేమ ఉందంటాడు, తాలు ఉందంటాడు. ఆకాశంలో మబ్బు కనబడితే ఇంకాస్త తగ్గిస్తాడు. ఆరబోసుకునే చోటు లేక, అప్పు గడువు దగ్గరపడి రైతు సరేనంటాడు. ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లో చిన్న రైతుకూ కౌలు రైతుకూ ఇది కొత్త బాధ కాదు.

ఆ వడ్లే బియ్యమై చెన్నైలోనో బెంగళూరులోనో దుకాణానికి చేరాక ధర ఎంత పలుకుతున్నదో అక్కడున్న మన పిల్లకాయల్ని అడిగితే చెబుతారు. కొనేవాడు ఎక్కువ ఇస్తున్నాడు, పండించినవాడికి తక్కువ అందుతున్నది. నెల్లూరు బియ్యం కావాలని అడిగే ఇల్లు అక్కడ ఉంది. కానీ ఆ ఇంటివాళ్లకు మీరెవరో తెలియదు, వాళ్లెవరో మీకు తెలియదు. ఈ ఎడం తగ్గించుకోవడానికి జేబులో ఉన్న ఫోను పనికొస్తుంది. "వీడియోలు తీసేది పిల్లకాయలబ్బా, మనకెందుకు" అని కొట్టిపారేయకుండా ఈ నాలుగు మాటలు చదవండి.

కేరళ జాలర్లు చెప్పిన పాఠం

ఉత్తర కేరళ తీరంలో 1997 నుంచి 2001 వరకు సెల్‌ఫోన్లు విడతలుగా వచ్చాయి. అంతకు ముందు కవళ్లు పట్టే జాలరి తన ఊరి రేవుకే వచ్చి అమ్ముకునేవాడు. ఆ పూట అక్కడ చేపలు ఎక్కువైతే కొనేవాడు ఉండడు, మిగిలిన సరుకును సముద్రంలో పారబోయాల్సిందే. అదే పూట దగ్గర్లోని ఇంకో రేవులో చేపలు లేక కొనేవాళ్లు వట్టి చేతులతో తిరిగిపోయేవాళ్లు. ఫోను వచ్చాక జాలరి పడవలోనుంచే నాలుగు రేవుల్లో ధర అడిగి, ఎక్కడ గిరాకీ ఉంటే అక్కడికి పోవడం నేర్చుకున్నాడు.

రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త దీన్ని లెక్కగట్టి 2007లో ప్రచురించారు. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది. చేపలు కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. పారబోయడం దాదాపు పోయింది. కొత్త వలలు లేవు, కొత్త పడవలు లేవు. కబురు సమయానికి అందడం ఒక్కటే మారింది. అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ మేలు జరిగింది. ఆనాటి ఫోనులో మాట మాత్రమే వినపడేది. ఇప్పటి ఫోనులో మీ కయ్య, మీ వడ్లు, మీ మొహం కూడా కనబడతాయి. తేడా అంతే.

మన మస్తానమ్మ, గంగవ్వ

గుంటూరు జిల్లా తెనాలి దగ్గర గుడివాడలో మస్తానమ్మ అనే పెద్దావిడ ఉండేది. వందేళ్లు పైబడిన మనిషి. 2016లో ఇంటి కుర్రవాడు ఆవిడ కట్టెలపొయ్యి మీద వండుతుంటే వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. 2018 డిసెంబర్‌లో ఆవిడ కన్నుమూసేనాటికి 'కంట్రీ ఫుడ్స్' అనే ఆ చానల్‌కు 10 లక్షలమందికి పైగా చందాదారులున్నారు. తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలిపనులు చేసుకునే గంగవ్వ 'మై విలేజ్ షో' వీడియోలతో ఊరూరా తెలిసిపోయింది. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు. ఉన్నది ఉన్నట్టు మాట్లాడారు. జనానికి నచ్చింది అదే.

అయితే ఇక్కడే ఒక హెచ్చరిక. వాళ్లను చూసి "మనకూ యూట్యూబ్ డబ్బులొస్తాయి" అని పని మానుకుని కూర్చోవద్దు. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే చానల్‌కు కనీసం 1,000 మంది చందాదారులు ఉండాలి, దాంతోపాటు 12 నెలల్లో జనం 4,000 గంటలు చూసి ఉండాలి. పొట్టి వీడియోలైతే 90 రోజుల్లో కోటిసార్లు చూడాలి. అంతా చేసినా వచ్చేది ఎంతో ముందు చెప్పలేం. రైతుకు వీడియో పంట కాదు, పంట అమ్మిపెట్టే పనిముట్టు.

ఇరవై ఇళ్ల లెక్క

మరి ఎంతమంది చూస్తే చాలు? లెక్క వేద్దాం. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. మర ఆడిస్తే 100 కిలోల వడ్లకు 62 నుంచి 65 కిలోల బియ్యం వస్తాయి. అంటే పుట్టికి సుమారు 530 నుంచి 550 కిలోలు, 25 కిలోల బస్తాలు 21 లేక 22. నూక తీసేస్తే ఇంకొంచెం తగ్గుతుంది.

నలుగురైదుగురున్న ఇల్లు నెలకొక బస్తా తీసుకుంటుందని అనుకుందాం. అట్టాంటి ఇళ్లు 20 దొరికితే ఏడాదికి 240 బస్తాలు, అంటే దాదాపు 11 పుట్లు. ఎకరాకు 3 పుట్లు పండే కయ్యలైతే ఇది మూడు ముప్పావు ఎకరాల పంట! కొన్ని ఇళ్లకు నెలకు బస్తా పట్టదు. అప్పుడు 20కి బదులు 30 ఇళ్లు చూసుకోవాలి. చిన్న రైతుకు కావలసింది లక్షమంది చూడడం కాదు, నమ్మకంగా కొనే ఈ ఇరవై, ముప్పై ఇళ్లు.

లాభం లెక్క కూడా ముందే వేసుకోవాలి. బియ్యం అమ్మితే వచ్చే మొత్తంలోంచి మర కూలి, సంచులు, రవాణా, నిల్వలో తరుగు తీసేయాలి. తవుడు, నూక ఎవరికన్నది మిల్లువాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. మిగిలిన దాన్ని కల్లంలో దళారి చెప్పిన పుట్టి ధరతో పోల్చాలి. తేడా బాగుంటేనే దిగాలి. డబ్బు ఒకేసారి కాక నెలనెలా వస్తుందనేది కూడా మరవొద్దు. అందుకే మొదటి ఏడాది పంటంతా ఆపుకోవద్దు. అప్పులకు సరిపడా కల్లంలో అమ్మి, ఒకటి రెండు పుట్లతో మొదలుపెట్టండి. ఆపుకున్న వడ్లను తేమ 12 నుంచి 14 శాతానికి దిగేదాకా ఆరబెట్టాలి. లేకుంటే పురుగు, బూజు మీకంటే ముందే తినేస్తాయి.

ఫోనులో అమ్ముకుందామని ఈ-క్రాప్ నమోదు మానొద్దు. రేపు ధర పడిపోతే మద్దతు ధరకు అమ్ముకోవడానికి ఆ నమోదే ఆధారం. కౌలు రైతులు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

వీడియో ఎట్టా తీయాలి?

* ఉదయం ఎండ లేతగా ఉన్నప్పుడు తీయండి. వెలుతురు మీ మొహం మీద పడాలి, వీపు మీద కాదు. తీసేముందు కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి.

* మన తీరంలో గాలి ఎక్కువ. మాట బదులు గాలి హోరే వినపడుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడండి, లేదా వైరున్న ఇయర్‌ఫోన్ మైకును నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

* వాట్సాప్ స్టేటస్‌కైతే ఫోను నిలువుగా, యూట్యూబ్‌లో పెద్ద వీడియోకైతే అడ్డంగా పట్టుకోవాలి. నిమిషం చాలు.

* ఊరు, వరి రకం, కోసిన తేదీ, ఎన్ని బస్తాలున్నాయి, ధర ఎంత, ఎప్పుడు పంపుతారు... ఈ ఆరూ తప్పకుండా చెప్పండి. "ధరకు ఫోను చేయండి" అంటే సగంమంది చేయరు.

* అమ్మేరోజు ఒక్కటే తీస్తే చాలదు. నాట్లు, పొట్ట దశ, కోత, ఆరబోత, మర... అన్నీ కొంచెం కొంచెం తీస్తూ రండి. తుపానుకు పైరు పడిపోతే అదీ చూపించండి. ఆరు నెలలు మీ కయ్యను చూసినవాళ్లు బేరం ఆడరు.

* మందు కొట్టి కొట్టలేదని చెప్పొద్దు. రకం పేరు మార్చొద్దు. కొత్త బియ్యాన్ని పాతవని అనొద్దు. ఒక్క అబద్ధం బయటపడితే ఇరవై ఇళ్లూ ఒకేరోజు పోతాయి.

ఎవరికి పంపాలి?

మొదట బంధువులు, ఊరినుంచి వెళ్లి పట్నాల్లో ఉన్నవాళ్లు, పిల్లల స్నేహితులు. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ అని ఒకటుంది. ఒక్కో లిస్టులో 256 మందిదాకా పెట్టుకోవచ్చు. ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. అయితే మీ నంబరు వాళ్ల ఫోనులో సేవ్ అయి ఉంటేనే మీ సందేశం చేరుతుంది. అందుకని ముందు ఫోను చేసి అడిగి, నంబరు సేవ్ చేసుకోమనండి. అడక్కుండా గ్రూపుల్లో చేర్చితే విసుక్కుంటారు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో సరుకుల పట్టీ ధరలతో సహా పెట్టుకోవచ్చు. దానికి డబ్బు కట్టక్కర్లేదు.

నిమ్మ, కూరగాయలు, రొయ్యలు, చేపలకూ ఇదే దారి. కానీ అవి పాడయ్యే సరుకు. ముందు ఆర్డరు, తరువాత కోత లేక పట్టుబడి. రొయ్యలకైతే సరుకు ఎంతో ఐసు అంత సిద్ధం చేసుకున్నాకే వల వేయాలి. ఇంట్లో ఆడవాళ్లు పచ్చళ్లు, ఎండుచేపలు చేసి అమ్మేటట్టయితే ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. వాళ్లిచ్చే 14 అంకెల నంబరును ప్యాకెట్టు మీద వేయాలి. బియ్యం సంచుల మీద ఏం రాయాలన్నది కూడా అక్కడే అడిగి తెలుసుకోండి.

డబ్బు దగ్గర జాగ్రత్త

ఫోనులో సరుకు పెట్టగానే కొనేవాళ్లతోపాటు మోసగాళ్లూ వస్తారు. వాళ్లు వాడే పద్ధతి ఒకటుంది. "మిలిటరీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నా, 20 బస్తాలు కావాలి" అంటారు. బేరం ఆడరు. డబ్బు పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి అంటారు. నొక్కితే డబ్బు రాదు, మీ ఖాతాలోంచి పోతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి: డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ అడిగారంటే డబ్బు మీదగ్గరనుంచి పోతున్నట్టే. డబ్బు వచ్చిందని వాళ్లు పంపే బొమ్మను నమ్మొద్దు, మీ బ్యాంకు ఖాతాలో చూసుకున్నాకే బస్తా ఎత్తండి. మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

చూసిన వీడియోలన్నీ నమ్మొద్దు

మీరు వీడియో తీసి అమ్మినట్టే, మీకు అమ్మేవాళ్లూ వీడియో తీస్తారు. "ఎకరాకు లక్షల ఆదాయం" అని చెప్పే వీడియో చివర మొక్కలో, మందో, యంత్రమో అమ్మే ఫోను నంబరు ఉంటే ఆగి ఆలోచించండి. ఆ రైతుది ఎర్రనేల కావచ్చు. మనది తీరం, ఇసుక నేలలు, చౌడు, ఉప్పునీళ్లు. ఈము పక్షుల సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆర్భాటమైన ప్రచారం నమ్మి డబ్బు పెట్టిన రైతులు, తమిళనాడులో 2012లో ఆ వ్యాపారం కూలిపోయేసరికి నెత్తిన గుడ్డ వేసుకున్నారు. అప్పుడు టీవీ, ఇప్పుడు ఫోను. వల అదే.

కొత్త పంట, కొత్త మందు ఏదైనా నెల్లూరు వ్యవసాయ పరిశోధనా కేంద్రంలోనో, మీ ఊరి వ్యవసాయ సహాయకుడినో అడిగాకే దిగండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోను చేస్తే తెలుగులోనే చెబుతారు. ముందు కుంట, రెండు కుంటల్లో వేసి చూడండి.

ఈ పంటతోనే మొదలుపెట్టండి. రేపు పొద్దున కయ్య గట్టు మీద నిలబడి మీ పేరు, ఊరు, పైరు ఏ దశలో ఉందో చెప్పి, అరనిమిషం వీడియో తీసి పదిమంది బంధువులకు పంపండి. కోతలనాటికి ఆ పదిమందిలో నలుగురు "మాకో బస్తా ఉంచు" అంటే చాలు. దళారి కల్లం కాడికి వచ్చి ధర చెప్పినప్పుడు, "ఆగబ్బా, మావాళ్లను అడిగి చెబుతా" అనే ధైర్యం మీకుంటుంది. బేరంలో రైతుకు ఇన్నాళ్లూ లేనిది ఆ మాటే.