పిఠాపురం దారికి ఏ సైకిల్ సరి?

వేలకు వేలు పోసి కొన్న సైకిల్ మూడు నెలలకే వరండాలో మూలన పడితే, ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ సైకిల్ ఊసెత్తరు. లోపం చాలాసార్లు సైకిల్‌లోనూ ఉండదు, తొక్కేవారిలోనూ ఉండదు... ఎంపికలో ఉంటుంది. మొదటిసారి రోడ్ బైక్ కొనేవారు ఏం చూడాలి, వేటికి డబ్బు పెట్టనక్కర్లేదు?

పాదగయ క్షేత్రం నుంచి ఎటు బయల్దేరినా దారి చదునే. ఒకపక్క సామర్లకోట, ఇంకోపక్క గొల్లప్రోలు, తూర్పున ఉప్పాడ తీరం. సుమారు 20 కిలోమీటర్లు తొక్కితే కాకినాడ. ఎత్తు ఎక్కే సరదా ఉంటే అన్నవరంలో రత్నగిరి ఉండనే ఉంది. కొత్తగా తొక్కేవారికి ఇంతకన్నా అనువైన నేల దొరకదు. కాకపోతే కొండల్లేని లోటును ఇక్కడ గాలి తీరుస్తుంది! మధ్యాహ్నం వేళ సముద్రం మీంచి నేల వైపు గాలి వీస్తుంది. అప్పుడు ఉప్పాడ వైపు తొక్కడమంటే ఎత్తు ఎక్కినట్టే. రోడ్ బైక్ ఆకారం వెనకున్న కిటుకంతా ఆ గాలిని తప్పించుకోవడమే.

పొట్టేలు కొమ్ముల హ్యాండిల్

పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంపు తిరిగిన హ్యాండిల్, సన్నటి టైర్లు, తేలికైన ఫ్రేమ్... ఇదీ రోడ్ బైక్. పాలక్యాన్లు మోసే పాత సైకిల్ ఇరవై కిలోల దాకా తూగితే, ఇది పది, పదకొండు కిలోలుంటుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగం దాటాక మన శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చుకెళ్లడానికే ఖర్చవుతుంది. ముందుకు వంగితే గాలికి ఎదురయ్యే ఒళ్లు తగ్గుతుంది, దూరం సులువుగా సాగుతుంది.

అలాగని అందరికీ ఇదే కావాలనేం లేదు. రోజూ నాలుగైదు కిలోమీటర్లు వెళ్లి కూరగాయలు తెచ్చుకోవడానికైతే మామూలు సైకిలే మేలు. నడుంనొప్పి ఉన్నవారికీ, నిటారుగా కూర్చుంటేనే ధైర్యంగా ఉంటుందనేవారికీ తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ నయం. వారానికి రెండు మూడుసార్లు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు తొక్కాలనుకునేవారికే రోడ్ బైక్ నప్పుతుంది.

చెప్పుల్లాగే... సైజు చూడాలి!

రంగు, కంపెనీ తర్వాత. ముందు సైజు. రోడ్ బైక్ ఫ్రేమ్‌లు పొట్టి, పొడుగులను బట్టి రకరకాల కొలతల్లో వస్తాయి. ఒక కంపెనీ ‘ఎం’ మరో కంపెనీ ‘ఎం’ ఒకటి కావు కాబట్టి ఎత్తుతోపాటు కాళ్ల లోపలి పొడవు కూడా కొలిచి, ఆ కంపెనీ పట్టికతోనే పోల్చాలి.

దుకాణంలో మూడు పరీక్షలు చాలు. సీటు ముందు నేల మీద నిలబడితే ఫ్రేమ్ పైకడ్డీకీ శరీరానికీ మధ్య ఒకటి రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని పెడల్‌ను అట్టడుక్కి దించి, దానిమీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కాస్త వంగి ఉండాలి. బిగుసుకుపోతే ఆ ఫ్రేమ్ పొడవు ఎక్కువన్నట్టే. పిల్లాడు ఎదుగుతాడు కదా అని పెద్ద సైజు కొనడం మనకలవాటు. చొక్కా విషయంలో అది చెల్లుతుందేమోగానీ సైకిల్‌కి కాదు. మెడ, మోకాళ్లు నొప్పెట్టడమే కాదు, బ్రేకు అందక ప్రమాదం కూడా.

మరీ సన్నటి టైరు వద్దు

పాత సైకిల్ టైరు వెడల్పు అంగుళమున్నర. పందేల సైకిళ్లకు చాలాకాలం 23, 25 మిల్లీమీటర్లవే వాడారు. మన పల్లెదారులకు 28 లేదా 32 మిల్లీమీటర్లవి మంచివి. కోతలయ్యాక రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దమ్ము చక్రాలు రాల్చిన బురద, పేరుకి తగ్గట్టే ఉండని స్పీడు బ్రేకర్లు... వీటన్నిటి మీదా సన్నటి టైరు జారుతుంది, లేదా పంక్చరవుతుంది. కొనే ముందు ఆ ఫ్రేమ్‌లో ఎంత లావు టైరు పడుతుందో అడగాలి.

మరో చిన్న విషయం... వాల్వు. చాలా రోడ్ బైకులకు ప్రెస్టా అనే సన్నటి వాల్వు ఉంటుంది. వీధి చివర పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు. కొద్ది రూపాయల అడాప్టర్, ఒక చేతిపంపు, అదనపు ట్యూబు దగ్గరుంటే దారిలో దిక్కుతోచని స్థితి రాదు.

గేర్ల లెక్కలో మాయ

‘ఇరవై ఒక్క గేర్లండీ’ అంటే పదహారు గేర్లదానికన్నా గొప్పదనిపిస్తుంది. నిజానికి వాటిలో చాలా గేర్లు ఒకదాన్ని పోలి మరొకటి ఉంటాయి. సంఖ్య కన్నా గేరు తడబడకుండా మారడం ముఖ్యం. షిమానో రోడ్ శ్రేణిలో ముందు రెండు, వెనక ఎనిమిది పళ్లచక్రాలుండే క్లారిస్ కొత్తవారికి సరిపోతుంది. తక్కువ ధరలో షాక్ అబ్జార్బర్లున్న సైకిల్ ఇస్తామంటే ఆశపడొద్దు. అవి బరువు పెంచి, తొక్కే బలంలో కొంత మింగేస్తాయి.

వానలో డిస్క్ బ్రేకులే బాగా పట్టుకుంటాయి. వాటిలోనూ తీగతో పనిచేసేవైతే మామూలు మెకానిక్ కూడా బిగించగలడు. ఆయిల్‌తో పనిచేసేవాటికి ప్రత్యేక పరికరాలు కావాలి. దగ్గర్లో సర్వీసు ఎక్కడుందో తెలుసుకున్నాకే వాటి జోలికెళ్లాలి.

డబ్బు ఎంత?

గేర్లున్న చెప్పుకోదగ్గ రోడ్ బైకులు సుమారు పాతిక, ముప్ఫై వేల దగ్గర మొదలవుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో అది కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. చేతిలో ఉన్నదంతా సైకిల్‌కే పెట్టేయకుండా నాలుగైదు వేలు పక్కన ఉంచాలి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, తాళం, పంపు కొనాలిగా! కార్బన్ ఫ్రేమ్ మొదటి సైకిల్‌కి అనవసరం. అల్యూమినియం చాలు.

వాడిన సైకిల్ కొంటే సగం ఖర్చుతో పోవచ్చు. కానీ ఫ్రేమ్ అతుకుల దగ్గర పగుళ్లు, చక్రం తిప్పినప్పుడు వంకర, చైను అరుగుదల చూడాలి. ఫ్రేమ్ నంబరూ, అసలు బిల్లూ సరిపోలకపోతే వదిలేయడమే మంచిది.

ఉప్పుగాలి సంగతి

అల్యూమినియం ఫ్రేమ్ ఇనుములా తుప్పు పట్టదు. చైను, బోల్టులు, బ్రేకు తీగలు మాత్రం పడతాయి. ఉప్పాడ వెళ్లొచ్చిన రోజు తడిగుడ్డతో తుడిచి, ఆరాక చైనుకు రెండు చుక్కల నూనె వేస్తే చాలు. టైర్లలో గాలి వారానికోసారి చూసుకోవాలి.

మొదటి నెల జాతీయ రహదారి వైపు వెళ్లకుండా, తెల్లవారాక గాలి లేవకముందే పొలాల మధ్య దారుల్లో పదేసి కిలోమీటర్లు తొక్కండి. గేర్లు, బ్రేకులు చేతికి అలవాటయ్యాక దూరం పెంచొచ్చు. ఒళ్లు నొప్పి లేకుండా కాకినాడ వెళ్లి రాగలిగిన రోజున... మీరు సరైన సైకిలే కొన్నారన్నమాట!