పోపు ఘాటు ఎటు పోతోంది?

ఎండుమిరపకాయల పోపు వేశారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంది. అయినా ముందుగదిలో పేపరు చదువుకుంటున్న మామగారు ఒకటే తుమ్ములు! ఫ్యాన్ పాడైందని మెకానిక్కుని పిలిచేముందు కాస్త ఆగండి. చాలా ఇళ్లల్లో తప్పు ఫ్యాన్‌ది కాదు, గాలి నడిచే దారిది. మామగారు తుమ్మేది ఐదు నిమిషాలే. పూటపూటా పొయ్యి దగ్గర నిలబడి ఆ నూనెపొగ పీల్చేది మీరు కదూ!

కంటికి కనబడని గాలి ఎటు పోతోందో తెలిసేదెలా? విమానాలు చేసేవాళ్లకీ ఇదే చిక్కు వచ్చింది. దానికోసం పుట్టిందే విండ్ టన్నెల్. గాలి సొరంగం అనుకోండి. వస్తువుని కదలకుండా నిలబెట్టి, దానిమీదుగా గాలిని తోలుతారు. 1901లో రైట్ సోదరులు అమెరికాలోని డేటన్‌లో, తమ సైకిల్ షాపులోనే ఆరడుగుల చెక్కపెట్టెతో ఇలాంటిది చేసుకున్నారు. రెండువందల దాకా బుల్లి రెక్కల్ని అందులో పరీక్షించి, 1903 డిసెంబరులో విమానం ఎగరేశారు. మన బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో 1967లో పెద్ద టన్నెల్ వచ్చింది. తేజస్ యుద్ధవిమానం నమూనాలకి అక్కడ పరీక్షలు జరిగాయి. విమానాలకే కాదు, కంప్యూటర్లో వేడి తీసే చిట్టి ఫ్యాన్లకీ ఇలాంటి గాలిపరీక్షలు తప్పవు.

ఫ్యాన్ తోలిన గాలి సుడులు తిరుగుతూ వస్తుంది. అందుకని ముందు తేనెపట్టులాంటి గళ్లలోంచి పంపి సాపు చేస్తారు. తర్వాత అందులోకి సన్నగా పొగ వదులుతారు. పొగ గీత గీసినట్టు సాగితే గాలి ఒద్దికగా పోతున్నట్టు. చెదిరి ముద్దైతే అక్కడ సుడులున్నట్టు. ఆ సుడులనే టర్బులెన్స్ అంటారు. అవి ఎక్కువైతే కరెంటు దండగ, రొద ఎక్కువ. ఇంకో తమాషా ఉంది. వెంట్రుకకన్నా సన్నని తీగని వేడిచేసి గాలికి పెడతారు. కాఫీని ఊదితే చల్లారినట్టే అదీ చల్లారుతుంది. దాన్నిబట్టి గాలి వేగం లెక్కకడతారు.

మన వంటింటికి అంత హంగు అక్కర్లేదు, ఒక్క అగరుబత్తి చాలు. (సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, గ్యాసు వాసన ఏమాత్రం లేదని చూసుకున్నాకే వెలిగించండి సుమా!) ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, అగరుబత్తిని పొయ్యి పైన పట్టుకోండి. పొగ ఫ్యాన్ వైపు సాగితే సరే. అక్కడక్కడే గింగిరాలు కొడుతోందా? అయితే ఫ్యాన్ పక్క కిటికీ చూడండి. అది తెరిచి ఉంటే బయటి గాలి అందులోంచి వచ్చి, పక్కనే ఉన్న ఫ్యాన్‌లోంచి తిన్నగా బయటికి పోతుంది. దగ్గరిదారి దొరికితే గాలి మాత్రం వదులుకుంటుందా? పొయ్యి మీది పొగ పొయ్యి మీదే ఉండిపోతుంది.

ఆ కిటికీ మూసి, ఫ్యాన్‌కి ఎదురుగా పొయ్యికి అవతలున్న కిటికీయో తలుపో తీయండి. అన్నీ బిగించేసినా లాభంలేదు. లోపలికొచ్చే గాలే లేకపోతే ఫ్యాన్ బయటికి దేన్ని నెడుతుంది? వంటింట్లో సీలింగ్ ఫ్యాన్ ఉంటే పోపు వేసేటప్పుడు ఆపండి. పైకి లేచే పొగని అది ఇల్లంతా చల్లేస్తుంది. మళ్లీ అగరుబత్తి పట్టి చూడండి. అప్పటికీ పొగ కదలకపోతే, ఫ్యాన్ ప్లగ్గు తీసి రెక్కలు చూడండి. జిడ్డు పేరుకుని ఉంటే, గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, బాగా ఆరాకే వేయండి.