ఆ 91 వేరు, ఈ 91 వేరు

స్పోర్ట్స్ కారు ఇంజిన్ నుంచి కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువ శక్తి రాబట్టాలంటే ఈ రోజుల్లో స్పానర్ పట్టనక్కరలేదు. ఇంజిన్‌ను నడిపేది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్. ఎంత గాలి లోపలికి వస్తే ఎంత పెట్రోలు చిమ్మాలి, స్పార్క్ ఏ క్షణంలో పడాలి, టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలి అన్న అంకెలన్నీ అందులో పట్టికలుగా ఉంటాయి. ఆ పట్టికలను తిరగరాయడమే ట్యూనింగ్. షెడ్డు భాషలో రీమ్యాప్.

దారులు రెండు. అరచేతిలో పట్టే ప్రోగ్రామర్ కొనుక్కుని, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు తగిలించి, అందులో సిద్ధంగా ఉన్న ఫైల్ ఎక్కించుకోవడం ఒకటి. డైనో అనే రోలర్ల యంత్రం ఉన్న వర్క్‌షాపుకు కారు తీసుకెళ్లి, ఆ కారుకే ప్రత్యేకంగా ఫైల్ రాయించుకోవడం రెండోది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవారికి ఇది డబ్బు లెక్క. మార్కాపురం, కంభం, గిద్దలూరు వాసులకు దూరం లెక్క కూడా. ఇంటి ముందే పని అయిపోతుంది కాబట్టి చూపు ముందు ప్రోగ్రామర్ మీదికే పోతుంది. అలా పోవడంలో తప్పు లేదు. అయితే ఆ పెట్టెలోని ఫైల్‌ను ఏ దేశపు పెట్రోలుకు రాశారన్నది కొనేముందే తేల్చుకోవాలి.

పెట్టె చేసే పని

ప్రోగ్రామర్ మొదట కారులోని అసలు ఫైల్‌ను చదివి తనలో దాచుకుంటుంది. తర్వాత మెనూ చూపిస్తుంది. అందులో ఎంచుకున్న ఫైల్‌ను కొన్ని నిమిషాల్లో రాసేస్తుంది. వద్దనుకుంటే పాత ఫైల్ తిరిగి ఎక్కించుకోవచ్చు. చాలా పరికరాలు ఒకసారి ఒక కారుకే తాళం పడతాయి. ఆ కారు నుంచి విడిపిస్తే తప్ప ఇంకో కారుకు పనిచేయవు. లోపాల కోడ్లు చదవడం, చెరపడం, టైరు సైజు మారితే స్పీడోమీటర్‌ను సరిచేయడం కూడా చేస్తాయి. ఫోర్డ్ ముస్టాంగ్ లాంటి అమెరికన్ కార్లకు ఎస్‌సీటీ, డయాబ్లోస్పోర్ట్; సుబారు, నిస్సాన్ జీటీ-ఆర్ వంటి వాటికి కాబ్ కంపెనీ యాక్సెస్‌పోర్ట్ బాగా తెలిసిన పేర్లు. వీటిలో అన్నిటికన్నా విలువైన పని డేటా లాగింగ్. బండి నడుస్తుండగా ఇంజిన్ లోపలి అంకెలను సెకను సెకనుకూ రాసి పెట్టడం అది. కొనేవారు పెద్దగా పట్టించుకోరు గానీ, పెట్టిన డబ్బుకు తగిన ఫలం అక్కడే ఉంది.

ఫైల్ రాస్తున్నప్పుడు బ్యాటరీ పడిపోతే ఈసీయూ మొండికేస్తుంది. అప్పుడు కారు స్టార్ట్ కాదు. ఓబీడీ సాకెట్ నుంచి పని జరగక, ఈసీయూను విప్పి బల్ల మీద సరిచేయాల్సి రావచ్చు. బ్యాటరీకి సరఫరా ఇచ్చే యంత్రం తగిలించకుండా ఫైల్ రాయకూడదు.

మెనూలో ఒక అంకె

అమెరికాలో తయారైన ప్రోగ్రామర్ మెనూలో సాధారణంగా 87, 91, 93 అన్న అంకెలు కనిపిస్తాయి. ఏ ఆక్టేన్ పెట్రోలు పోస్తారో ఆ అంకెను ఎంచుకోమని దాని అర్థం. భారత్‌లో బీఎస్-6 ప్రమాణం ప్రకారం మామూలు పెట్రోలుకు ఉండాల్సిన కనీస ఆక్టేన్ 91. బంకులో 91, పెట్టెలో 91. రెండూ సరిపోయాయని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంజిన్‌కు ముప్పు తెచ్చేది ఈ పొరపాటే.

ఆక్టేన్ అంటే పెట్రోలు తనంతట తాను పేలకుండా ఒత్తిడిని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే కొలత. ప్రయోగశాలలో దాన్ని రెండు పద్ధతుల్లో కొలుస్తారు. తేలికైన పరిస్థితుల్లో తీసేది ఆర్‌ఓఎన్, కఠినమైన పరిస్థితుల్లో తీసేది ఎంఓఎన్. రెండోది ఎప్పుడూ తక్కువే వస్తుంది. భారత్, యూరప్ దేశాలు చెప్పేది ఆర్‌ఓఎన్. అమెరికా బంకు మీద రాసేది రెండింటి సగటు. బీఎస్-6 మామూలు పెట్రోలుకు కనీస ఆర్‌ఓఎన్ 91, ఎంఓఎన్ 81. రెండూ కలిపి సగం చేస్తే 86. అంటే ఇక్కడి 91 అమెరికా లెక్కలో అడుగు మెట్టయిన 87కు కూడా ఒక అంకె కింద ఉంది. ప్రీమియం పెట్రోలుకు 95, 85. సగటు 90. ఎక్కువ ధర పెట్టి ప్రీమియం పోయించినా పెట్టెలోని 91 అందదు. అక్కడి 93 ఇక్కడి లెక్కలో దాదాపు 98 అవుతుంది. ఆ స్థాయిని దాటే ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ 100 పెట్రోలు 2020 డిసెంబరులో మొదట పది నగరాల్లో అమ్మకానికి వచ్చింది. ఆ పదింటిలో తెలుగు నగరం ఒక్కటీ లేదు. గిద్దలూరు బంకులో అది దొరుకుతుందని లెక్క వేసుకుని ఫైల్ ఎంచుకోవడం కుదరదు.

ఇథనాల్ ఈ లెక్కను కొంత మార్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు ఆర్‌ఓఎన్ 95 దాకా ఉంటుందని కేంద్ర పెట్రోలియం శాఖ చెబుతోంది. తట్టుకునే శక్తి పెరగడం మంచిదే. కానీ ఇథనాల్‌కు కావలసిన గాలి తక్కువ. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ20కి అది సుమారు 13.5. అమెరికా ఫైల్ రాసినవారి మనసులో ఉండేది అక్కడ అంతటా దొరికే పది శాతం ఇథనాల్ పెట్రోలు, అంటే 14.1. మెల్లగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను సర్దేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా పాత ఈసీయూలు ఆ సెన్సర్ మాట వినవు, పట్టికలో ఉన్నదే చిమ్ముతాయి. అప్పుడు పెట్రోలు తక్కువై మంట వేడెక్కుతుంది. శక్తి కోసం తొక్కిన క్షణంలోనే ఇలా జరగడం ఇందులోని కష్టం.

ఆక్టేన్ చాలకపోతే నాకింగ్ మొదలవుతుంది. స్పార్క్‌తో మొదలైన మంట సిలిండర్ అంతా పాకకముందే, మూలన మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలుతుంది. పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టు ఉంటుంది ఆ దెబ్బ. నాక్ సెన్సర్ విని స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది, శక్తి తగ్గుతుంది. డబ్బు పెట్టి పెంచుకున్న హార్స్‌పవర్‌ను ఈసీయూ తానే తీసేస్తుంది. సెన్సర్ హద్దులను కూడా సడలించిన ఫైల్ అయితే ఆ రక్షణా ఉండదు. పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిన తర్వాతే సంగతి తెలుస్తుంది.

కంపెనీయే దేశాన్ని బట్టి అంకెలు మార్చిన దాఖలా ఒకటుంది. ఫోర్డ్ 2016లో భారత్‌లో విడుదల చేసిన ముస్టాంగ్ జీటీలోని 5 లీటర్ల వీ8 ఇంజిన్ అమెరికాలో 435 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇక్కడ అమ్మిన కారుకు ప్రకటించింది సుమారు 400. ఇంజిన్ అదే. మార్కెట్‌ను బట్టి అంకెలు మారాయి. ఆ కారుకు అమెరికా ఫైల్ ఎక్కించి 'పోయిన' శక్తిని తిరిగి తెచ్చుకోవాలనుకునేవారు ఆ తగ్గింపుకు కారణం ఉండి ఉంటుందని ముందు ఆలోచించాలి.

ఇక్కడిదాకా ఎలా వచ్చింది

కార్బ్యురేటర్ రోజుల్లో ట్యూనింగ్ చెవితో, జెట్టు మార్చి చేసేవారు. బాష్ కంపెనీ మోట్రానిక్ 1979లో బీఎండబ్ల్యూ 732ఐలో వచ్చి పెట్రోలును, స్పార్క్‌ను ఒకే కంప్యూటర్ కిందికి తెచ్చింది. 1980లలో చిప్ ఊడదీసి వేరే చిప్ పెట్టేవారు. 1996 నుంచి అమెరికాలో ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి అయింది, దాంతో చేతి ప్రోగ్రామర్లకు తలుపు తెరుచుకుంది. భారత్‌లో ఓబీడీ-2 2013లో, బీఎస్-6 2020 ఏప్రిల్‌లో వచ్చాయి.

రోలర్ల మీద

నిపుణుడు చేసే పని వరుస వేరు. మొదట స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, లీకేజీలు చూస్తాడు. జబ్బున్న ఇంజిన్‌ను ట్యూన్ చేయడు. తర్వాత కారును రోలర్ల మీద కట్టి, గాలి, పెట్రోలు పాళ్లు కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ను సైలెన్సర్ గొట్టంలో పెట్టి, ఉన్నది ఉన్నట్టుగా కొలుస్తాడు. ముందు పెట్రోలు పాళ్లు సరిచేసి, ఆ తర్వాతే స్పార్క్‌ను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతాడు. నాకింగ్ జాడ కనిపించకముందే, లేదా జరిపినా శక్తి పెరగడం లేదనిపించగానే ఆగి, కొంచెం వెనక్కి వస్తాడు. ఆ వెనక్కి వచ్చిన కొంచెమే ఎండాకాలంలో ఇంజిన్‌ను కాపాడేది. కంప్యూటర్ ముందు కూర్చున్నవారెవరైనా స్పార్క్‌ను ముందుకు జరపగలరు. ఎక్కడ ఆగాలో తెలిసినవారికే ఫీజు ఇవ్వాలి.

చివర్లో ఇచ్చే డైనో కాగితాన్ని ఊరికే మురిసి మడిచిపెట్టకూడదు. ముందూ తరువాతా కొలతలు అదే రోజున, అదే గేరులో, అదే వాతావరణ సవరణతో తీశారా అని చూడాలి. రోలర్ల మీద వచ్చేది చక్రాల దగ్గరి శక్తి. కంపెనీ చెప్పేది ఇంజిన్ దగ్గరిది. రెంటికీ మధ్య పది పదిహేను శాతం నష్టం సహజం. కంపెనీ ఫైల్‌తో చక్రాల దగ్గర ఎంత వస్తుందో ముందు కొలవకుండా 'ఇంత పెరిగింది' అని చెప్పే కాగితం రుజువు కాదు.

చిన్న పట్టణాల్లో మూడో రకం కూడా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌తో ఇంటికి వచ్చి, ఫైల్ చదివి, ఎక్కడికో మెయిల్ చేసి, తిరిగి వచ్చిన ఫైల్ ఎక్కించి వెళతారు. ల్యాప్‌టాప్ ఉన్నంత మాత్రాన అది నిపుణుల ట్యూనింగ్ కాదు. ఆ ఫైల్ రాసినవారు కారును చూడలేదు, కొలవలేదు. ధర తప్ప తయారు ఫైల్‌కూ దానికీ తేడా లేదు. నకలు పరికరాలతో చదివితే ఈసీయూ చెడిపోయే భయం అదనం.

బెంగళూరు ఫైల్, మార్కాపురం గాలి

నిపుణుడి దగ్గరికి వెళ్లినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. మార్కాపురం దాదాపు 150 మీటర్లు. బెంగళూరులో గాలి ఏడెనిమిది శాతం పలచన, పైగా చల్లన. టర్బో లేని ఇంజిన్ అక్కడ పూర్తిగా తొక్కినా సిలిండర్‌లోకి వచ్చే గాలి తక్కువే కాబట్టి పట్టికలో పై వరుస గళ్లు తాకనే తాకవు. అంటే అవి పరీక్షకు రాని గళ్లు. కారు కిందికి దిగి వచ్చాక ఆ గళ్లే పనిలోకి వస్తాయి, అదీ 45 డిగ్రీలకు చేరే ఎండలో. లోపలికి పీల్చే గాలి ఎంత వేడిగా ఉంటే నాకింగ్‌కు అంత దగ్గర.

రోడ్ల స్వభావం కూడా లెక్కలోకి రావాలి. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల దాటే దారిలోనూ, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌లోనూ ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ బరువు లాగుతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సు త్వరగా పై గేరుకు మారితే మరీను. చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్లలో స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఇలాంటి చోటే ఉంటుంది. టర్బో ఫైళ్లు చాలావరకు బలం పెంచేది సరిగ్గా ఈ తక్కువ ఆర్‌పీఎంలోనే. డైనో మీద మూడువేల ఆర్‌పీఎం నుంచి పైకి తీసిన గీత ఎంత అందంగా ఉన్నా, ఘాట్ రోడ్డు గురించి ఏమీ చెప్పదు.

అందువల్ల ఎత్తు తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న చెన్నైలో, లేదా ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో చేయించిన ట్యూనింగ్ ఈ ప్రాంతానికి ఎక్కువ నమ్మకం. ఇంకా మేలైన దారి రెండింటినీ కలపడం. నిపుణుడు రాసిన ఫైల్‌ను ప్రోగ్రామర్ ద్వారా ఎక్కించుకుని, పగటిపూట ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరు స్క్రీన్ చూస్తుండగా డేటా లాగ్ తీసి పంపితే, ఆయన దాన్ని చదివి ఫైల్ సరిచేస్తాడు. స్పార్క్ ఎన్ని డిగ్రీలు వెనక్కి జరిగింది, గాలి ఎంత వేడిగా ఉంది అన్న రెండు వరుసలు ఆ లాగ్‌లో తప్పక ఉండాలి.

చట్టం, వారంటీ

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. తయారీదారు మూల స్పెసిఫికేషన్‌ను మార్చే మార్పులు కుదరవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ కేసులో తేల్చింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. బీమా కంపెనీకి చెప్పకుండా మార్చితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. వారంటీ పోకుండా పాత ఫైల్ తిరిగి ఎక్కించి సర్వీసుకు ఇస్తే తెలియదనుకోవడం పొరపాటు. ఈసీయూను ఎన్నిసార్లు రాశారో చాలా కార్లు గుర్తుపెట్టుకుంటాయి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లకైతే ట్యూనింగ్ పట్టుబడితే టీడీ1 అనే గుర్తు రికార్డులో పడిపోతుంది.

డీజిల్, దుమ్ము

ఈ ప్రాంతంలో రీమ్యాప్ మాట డీజిల్ ఎస్‌యూవీల దగ్గరే ఎక్కువ వినిపిస్తుంది. డీజిల్‌లో ఆక్టేన్ గొడవ లేదు. కానీ ఎక్కువ డీజిల్ చిమ్మితే పొగ, టర్బో వేడి, క్లచ్ అరుగుదల పెరుగుతాయి. బీఎస్-6 బండిలో మసి పట్టే ఫిల్టర్‌ను తీసేసే ఫైళ్లు ఊరి గాలికి చేటు, వాటి జోలికి పోకూడదు. పలకల గనుల దుమ్ము ఉన్న మార్కాపురం చుట్టుపక్కల నూనె పూసిన రేసింగ్ ఫిల్టర్లు కూడా వద్దు. ఆ నూనె గాలి కొలిచే సెన్సర్‌కు అంటితే కొలత తప్పుతుంది, ఎంత మంచి ఫైల్ అయినా తప్పుడు లెక్క మీద నడుస్తుంది.

ఏది ఎవరికి

వారంటీలో ఉన్న కారుకు ప్రోగ్రామర్, నిపుణుడి ట్యూనింగ్ రెండూ వద్దు. టర్బో లేని ఇంజిన్‌కు ఏ ఫైల్ ఎక్కించినా పెరిగేది కొద్ది శాతమే. ఆ డబ్బు మంచి టైర్లకు, బ్రేక్ ప్యాడ్లకు పెడితే ఘాట్‌లో ఎక్కువ ఉపయోగం. వారంటీ దాటిన టర్బో కారులో పెరుగుదల 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది కాబట్టి, ప్రయాణ ఖర్చు భరించి నిపుణుడి దగ్గరికే వెళ్లాలి. అమెరికా నుంచి తెప్పించిన ప్రోగ్రామర్‌లోని తయారు ఫైల్ తప్ప వేరే దారి లేకపోతే, మెనూలో 91 మీద వేలు పెట్టవద్దు. 87 ఎంచుకుని, ప్రీమియం పెట్రోలు పోయించాలి.