పావురాన్ని తూచిన ఊళ్లో మిర్చి కాటా

"శివరాత్రికి రెండు రోజుల ముందు రా. గుడి ఖాళీగా ఉంటది, కల్లం నిండుగా ఉంటది. రెండూ చూడొచ్చు" అని ఫోన్లో చెప్పాడు బాబాయ్. సొంత బాబాయేం కాదు. నరసరావుపేటలో మా నాన్నకు దోస్తు. పల్నాడులో వరసలు కలుపుకోవడానికి చుట్టరికమే ఉండక్కర్లేదు కదా!

2025 ఫిబ్రవరి. నరసరావుపేటలో బండి తీశా. పిడుగురాళ్ల వైపు హైవే ఎక్కితే నకరికల్లు వస్తుంది. అక్కడ హైవే వదిలేసి పల్లె దారి పడితే చేజర్ల. దారి పొడవునా ఒకటే ఎరుపు. చేలల్లో కోతలు, కల్లాల్లో పట్టాల మీద ఆరబోసిన కాయలు. హెల్మెట్ అద్దం పైకెత్తితే చాలు, ఘాటుకి తుమ్ములు. గూగుల్ మ్యాప్స్ లేకపోయినా మిర్చి ఊరికి వచ్చామని ముక్కే చెప్పేస్తుంది.

పైకి చూస్తే మామూలు ఊరే. కూల్‌డ్రింకులతో పాటు పురుగుమందులూ అమ్మే కొట్లు, రచ్చబండ మీద పేపరు చదివే తాతలు, ట్రాక్టర్ వెనక పరిగెత్తే కుక్కలు. కానీ ఊళ్లోని కపోతేశ్వరస్వామి గుడి మాత్రం మామూలుది కాదు.

గుడి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తే గానీ దాని ప్రత్యేకత తెలీదు. గర్భగుడి వెనక గోడ నలుపలకలుగా ఉండదు, ఏనుగు వీపులా గుండ్రంగా వంగి ఉంటుంది. గజపృష్ఠాకారం అంటారు. ఒకప్పుడు బౌద్ధుల చైత్యంగా కట్టిన ఇటుకల కట్టడమే తర్వాత శివాలయం అయిందని చరిత్రకారుల మాట. దేశంలో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆనందగోత్రిక రాజు కందరుడి పేరున్న శాసనం కూడా ఇక్కడ దొరికింది. ఇప్పుడు గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఆవరణలో చిన్న చిన్న గుళ్లు, ఎటు చూసినా లింగాలు. మధ్యాహ్నం ఎండలో పూజారి, నేను, నాలుగు పావురాలు... అంతే.

కపోతం అంటే పావురం. కథ మీకూ తెలిసే ఉంటుంది. డేగ తరుముతుంటే ఒక పావురం వచ్చి శిబి చక్రవర్తి ఒళ్లో పడింది. "అది నా తిండి, నాకిచ్చెయ్" అంది డేగ. "పావురమంత బరువు నా మాంసం ఇస్తా" అన్నాడు శిబి. తక్కెడలో ఒకవైపు పావురం, రెండోవైపు రాజు తొడ కోసిన మాంసం. ఎంత కోసి పెట్టినా పావురం వైపే మొగ్గు. చివరికి రాజే లేచి తక్కెడలో కూర్చున్నాడు. అదంతా ఇక్కడే జరిగిందని, తల లేని శిబి మొండెమే ఈ లింగమని స్థలపురాణం. లింగం మీది గుంటలు మాంసం కోసిన గుర్తులేనని ఊళ్లో చెప్తారు.

ఈ కథ ఎంత దూరం పోయిందో తెలుసా? ఇదే జిల్లాలోని నాగార్జునకొండ శిల్పాల్లో శిబి ఉన్నాడు. సముద్రం దాటి, ఇండోనేషియాలోని జావా దీవిలో 9వ శతాబ్దం నాటి బోరోబుదూర్ గోడల మీదా ఉన్నాడు. అక్కడా అదే తక్కెడ, అదే పావురం.

ఇది చెబితే బాబాయ్ నవ్వాడు. "ఇండోనేషియానా? మనం వాళ్లకి కథ పంపితే, వాళ్లు మనకి పురుగుని పంపార్రా అబ్బాయ్!"

జోక్ కాదు. నల్లతామర అని రైతులు పిలిచే పురుగు ఉంది. నువ్వు గింజలో సగం కూడా ఉండదు. ఇండోనేషియాతో పాటు ఆగ్నేయాసియా దేశాల్లో ఉండే పురుగు ఇది. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదటిసారి కనిపించింది. 2021లో ఆంధ్ర, తెలంగాణ మిర్చి చేల మీద పడింది. పూతలో దూరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, ఇక కాయెక్కడిది? ఎకరాలకెకరాలు దున్నేసినవాళ్లున్నారు. అప్పటి గుర్తుగా బాబాయ్ చేలో నీలిరంగు జిగురు అట్టలు ఇప్పటికీ వేలాడుతున్నాయి. ఆ రంగుకి పురుగు వచ్చి అంటుకుంటుంది. "ఆ ఏడు మందుల కొట్టు బాకీ ఈ ఏడు దాకా తీరలా" అన్నాడు.

గుడి నుంచి కల్లానికి వెళ్లాం. పట్టాల మీద నడుముల ఎత్తు ఎర్రటి కుప్పలు. ఆడకూలీలు ముఖాలకు చీర కొంగులు చుట్టుకుని కాయలు ఏరుతున్నారు. ఎర్రగా నిగనిగలాడేవి ఒక కుప్ప, తెల్లబడ్డ తాలుకాయలు ఇంకో కుప్ప. పక్కనే టిక్కీలు నింపి కుడుతున్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఘాటులోనే. నేను పది నిమిషాలకే కళ్లు తుడుచుకుంటుంటే ఒక పెద్దమ్మ "ఫొటో తీసుకునేటోళ్లకే ఇంత మంటయితే మాకెంతుండాలి నాయనా" అంది. ఫోన్ జేబులో పెట్టేశా.

ఈ పచ్చదనానికి, ఎరుపుకి మూలం సాగర్ నీళ్లు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాల్వలకు నీళ్లొచ్చాయి. కుడికాల్వ పల్నాడు గుండెల మీదుగా పోతుంది. కానీ ఆ నీళ్లు ఊరికే రాలేదు. నాగార్జునకొండ లోయ మునిగింది, అక్కడి ఊళ్లు మునిగాయి. దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు దీవి. శిబి కథ చెక్కిన లోయను ముంచిన నీళ్లే ఇక్కడ మిర్చి పండిస్తున్నాయి. కృష్ణలో నీళ్లు తగ్గితే కాల్వ చివరి చేలకు ఇప్పటికీ కష్టమే. అందుకే గోదావరి నీళ్లు కుడికాల్వలో కలపాలని 2018 నవంబరులో ఈ మండల కేంద్రమైన నకరికల్లులోనే గోదావరి-పెన్నా పథకం మొదటి దశకు శంకుస్థాపన చేశారు.

సరే, నీళ్లు, పురుగు అయ్యాయి. మిగిలింది ధర. బాబాయ్ కొడుకు ఫోన్లో వాట్సాప్ గ్రూప్ తెరిచాడు. గుంటూరు మిర్చి యార్డు ధరలు. బీటెక్ చదివి హైదరాబాద్‌లో చేస్తున్నాడు, కోతలకని సెలవు పెట్టొచ్చాడు. "2023లో క్వింటా 20 వేలు దాటింది. ఆ ఊపులోనే నాన్న నాలుగెకరాలు కౌలుకి తీసుకున్నాడు. ఇప్పుడేమో దాదాపు సగం." ఆ నెల్లోనే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. "కౌలు, కూలి, మందులు తీసేస్తే అది మాకు గిట్టే ధర కాదన్నా" అన్నాడు.

"వచ్చే ఏడు వెయ్యొద్దు నాన్నా. నేను పంపిస్తాగా" అని కూడా అన్నాడు. బాబాయ్ ఏం మాట్లాడలేదు. ఒక కాయ తీసి విరిచాడు. గింజలు గలగలమన్నాయి. బాగా ఆరిందన్నమాట.

సాయంత్రం ఒక్కో టిక్కీ ఎత్తి ఎలక్ట్రానిక్ కాటా మీద పెడుతున్నారు. అంకె కుదురుకునే దాకా బాబాయ్ రెప్ప వేయలేదు. తక్కెడ ముందు రాజు ఎలా కూర్చున్నాడో నాకు తెలీదు కానీ, కాటా ముందు కౌలు రైతు ఎలా నిలబడతాడో చూశా. ఎంత పెట్టినా రెండోవైపే మొగ్గుతుంటే, ఇంకేం పెట్టాలో లెక్కేసుకునే చూపు అది.

వచ్చేటప్పుడు బండి దాకా వచ్చాడు. ఓ కేజీ కాయలు సంచిలో పోసిచ్చి, "మీ అమ్మకివ్వు, పచ్చడికి బాగుంటయ్" అన్నాడు. ఆర్టికల్ రాస్తానన్నా కదా, ధర గురించి గట్టిగా రాస్తా బాబాయ్ అన్నా.

"ధర సంగతి అందరూ రాస్తారు. కౌలు కార్డు సంగతి రాయి" అన్నాడు.

2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు. పంట రుణానికి, బీమాకి, నష్టపరిహారానికి అదే ఆధారం. కానీ దానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని భయం. కార్డు వల్ల భూమి మీద హక్కు రాదని చట్టంలోనే ఉన్నా ఆ భయం పోలేదు. బాబాయ్‌కి మూడేళ్లుగా కార్డు లేదు. నల్లతామర పడితే నష్టం ఆయనది. పరిహారం వస్తే అది పాసుపుస్తకం ఉన్నాయనది.

"ఆ పొలం వాళ్లబ్బాయి కూడా మీలాగే ఫోన్ చూసేవాడే, అమెరికాలో ఉన్నాడు. చదువుతాడేమో" అన్నాడు బాబాయ్.

అందుకే రాశా. మీ ఊళ్లో మీ పేరు మీద పొలం ఉండి, దాన్ని వేరేవాళ్లు చేస్తుంటే, ఇవాళ ఇంటికి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి. మన కౌలు రైతుకి సంతకం పెట్టారా అని.