ఉస్తాద్ పక్కన చోటు

సైదాబాద్‌లో ఒక పాత మేడ. మూడు పోర్షన్లు, మెట్ల కింద మూడు మీటర్లు. మధ్య పోర్షన్‌లో ఫ్యాను ఆగింది, లైటు వెలగదు. సాకెట్లో టెస్టర్ పెట్టి చూస్తే ఫేజు కన్నంలో వెలుగు, న్యూట్రల్ కన్నంలోనూ వెలుగు. రెండు కన్నాల్లో కరెంటుంది, ఇంట్లో ఒక్కటీ పనిచేయదు! ఐటీఐలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా మొదటిసారి ఇక్కడ తెల్లమొహం వేస్తారు.

పక్కన ఉస్తాద్ ఉంటే, "న్యూట్రల్ పోయింది, అన్ని స్విచ్‌లూ ఆపు, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకు" అంటాడు. ఆపగానే రెండో కన్నంలో వెలుగు ఆరిపోతుంది. సంగతి ఏమిటంటే, ఆన్‌లో ఉన్న ఫ్యాను గుండానో ఫ్రిజ్ గుండానో ఫేజు అవతలి వైరుదాకా వచ్చింది. తిరిగి వెళ్లే దారి ఎక్కడో తెగింది కాబట్టి అక్కడే నిలిచిపోయింది. టెస్టర్‌కు అంతవరకే తెలుసు. హోల్డరుకు రెండు వైర్లు బిగించిన టెస్ట్ ల్యాంపు మిగతాది చెబుతుంది: ఫేజుకీ ఎర్తుకీ మధ్య వెలుగుతుంది, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య వెలగదు.

పుస్తకంలో చదివినా ఇది చేతికి రావాలంటే ఎవరో ఒకరి పక్కన నిలబడాలి. మన ఊళ్లో ఎంతోమంది ఎలక్ట్రీషియన్లు అలా తయారైనవాళ్లే. పదో తరగతి తప్పిన కుర్రాడు టూల్ బ్యాగు పట్టుకుని బాబాయి బండి వెనక కూర్చుంటాడు. నిచ్చెన పట్టుకుంటాడు, గోడకు గాడి కొడతాడు, చాయ్ తెస్తాడు, తిట్లు తింటాడు. రెండు మూడేళ్లకు వాడే బోర్డు బిగిస్తాడు. ఆ బండి వెనక సీటు ఆడపిల్లకు దొరకదు. ఉస్తాద్‌కు స్త్రీలింగం ఉర్దూలో లేకపోలేదు. ఉస్తానీ అంటారు, కానీ ఆ మాట పిల్లలకు పాఠాలు చెప్పే ఆమె దగ్గరే ఆగిపోయింది.

ఇక గిరిజన యువతి సంగతి. సైదాబాద్ సింగరేణి కాలనీ గుడిసెల్లో దేవరకొండ వైపు తండాల నుంచి వలస వచ్చిన లంబాడీ కుటుంబాలు చాలా ఉన్నాయి. మగవాళ్లు ఆటోలకో కూలికో వెళ్తారు, ఆడవాళ్లు ఇళ్లలో పనికో బిల్డింగు పనికో వెళ్తారు. స్లాబు వేసేరోజు చూడండి. కాంక్రీటు పోయకముందే ఇనుప చువ్వల మధ్య కరెంటు పైపులు పరిచి, ఫ్యాన్ బాక్సులు కట్టాలి. ఆ పని జరుగుతున్న చోటికి రెండడుగుల దూరంలోనే తట్ట మోస్తూ ఆమె ఉంటుంది. ఎండా అదే, ఎత్తూ అదే. హెల్పరు కావాలంటే మేస్త్రీ ఊరికి ఫోన్ చేసి ఇంకో కుర్రాణ్ని పిలిపిస్తాడు గానీ తట్ట పక్కన పెట్టించి ఆమెను పిలవడు. బట్టలకు అద్దాలు కుట్టే లంబాడీ వేళ్లకు వైరింగు ఇట్టే పట్టుబడుతుందని ఇలాంటిచోట రాయడం మన పత్రికలకు అలవాటు. నాకు ఆ పోలిక నచ్చదు. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు.

కరెంటు పని తప్పితే ఏమవుతుందో ఒక లెక్క చూడండి. ఇంట్లో 230 వోల్టులు. ఒంట్లోంచి 10 మిల్లీ ఆంపియర్లు దాటి పారితే పట్టుకున్న వేళ్లు విడివడటమే కష్టం. లైట్ల లైనుకు పెట్టే ఎంసీబీ సాధారణంగా 6 ఆంపియర్లది, అంటే 6,000 మిల్లీ ఆంపియర్లు. మనిషికి షాక్ కొడుతున్నా అది కదలదు, ఎందుకంటే దాని పని వైరును కాపాడటం. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పినా ట్రిప్ అవుతుంది. ఉంగరం, గాజులు, మగవాళ్ల చేతి కడియం కూడా తీసేసి పనిలోకి దిగమనడానికి ఇంకో కారణం ఉంది. రెండు వైర్ల మధ్య లోహం పడితే క్షణంలో ఎర్రగా కాగి చర్మానికి అతుక్కుంటుంది.

కాగితం మీద దారి ఆ గిరిజన యువతికీ తెరిచే ఉంది. పదో తరగతి పాసైతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు, రెండేళ్లు. ఆపైన అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టంలోనే ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ సీట్ల రిజర్వేషన్ ఉంది. 1998లో హైదరాబాద్‌లో మొదలైన న్యాక్, అంటే జాతీయ నిర్మాణ అకాడమీ, ఇంటి వైరింగ్ నేర్పుతుంది. వైర్‌మన్ పర్మిట్ ప్రభుత్వ లైసెన్సింగ్ బోర్డు ఇస్తుంది.

అయినా తలుపు దగ్గర ఆపేవాళ్లు ఉంటారు. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ 2019లో 2,500 జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మహిళలకు అవకాశమే లేదు. ఐటీఐ చదివిన అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లి ఆ అవకాశం తెచ్చుకున్నారు. సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష, మహబూబాబాద్ జిల్లా నుంచి భారతి 2020 డిసెంబరులో స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గారు. 2021 మేలో శిరీష చేతికి నియామకపత్రం వచ్చింది. మామూలు 8 మీటర్ల స్తంభంలో ఆరో వంతు భూమిలో పోయినా పైన ఆరున్నర మీటర్లకు పైగా మిగులుతుంది. అది ఎక్కగలరా లేదా అన్నది ఎక్కించి చూస్తే తేలే విషయం. దానికి కోర్టుదాకా పోవాల్సి వచ్చింది.

వేరేచోట ఈ పని ఎలా నేర్పుతారో చూద్దాం. కెనడాలో ఎలక్ట్రీషియన్ కావాలంటే నాలుగైదేళ్లు అర్హత ఉన్న పనివాళ్ల కింద గంటలు లెక్కగట్టి పనిచేయాలి, అక్కడి ఆదివాసీ యువతులైనా అంతే. ఉస్తాద్ పద్ధతినే కాగితం మీద పెట్టారన్నమాట. మన దేశంలోనే రాజస్థాన్‌లోని తిలోనియా ఉంది. 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీలో చదువురాని పల్లె మహిళలు ఆరు నెలల్లో సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకున్నారు. అక్షరాల బదులు రంగులతో, సైగలతో చెప్పారు. ముందు నేర్చుకున్న ఆడవాళ్లే తర్వాతివాళ్లకు నేర్పారు.

సింగరేణి కాలనీలో అలాంటి ఒక్క ఉస్తానీ ఉంటే, మెట్ల కింద మీటర్ల దగ్గర ఆమె తన శిష్యురాలిని అడిగే మొదటి ప్రశ్న ఊహించగలను. మెయిన్ ఆపావా అని అడగదు. అది అందరూ ఆపుతారు. మేడ మీద అల్మారా పక్కన ఇన్వర్టర్ ఉంది, దాని లైను ఇంకా బతికే ఉంది, చూశావా అంటుంది.