పురిటి గాయం: దురదృష్టమా, దోషమా?

కాన్పంటే తల్లికి పునర్జన్మ అని మన పెద్దలు అంటూ ఉంటారు. ఆ గడియలో బిడ్డ పడే అవస్థను గురించి మాత్రం మన ఇళ్ళల్లో ఎవరూ అంతగా మాట్లాడుకోరు. బిడ్డ భూమ్మీద పడి కేరుమంటే చాలు, గండం గడిచినట్టే అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని, నాలుగేళ్ళ కిందట మా చెల్లెలు ప్రసవించిన రాత్రి వరకూ.

నేను కాలేజీలో తెలుగు చెబుతాను. ప్రబంధంలో పద్యానికి ప్రతిపదార్థం రాయమన్నప్పుడు పిల్లలు ఒక్క విశేషణం వదిలేసినా ఊరుకోను. అటువంటి నేను, ఆ రాత్రి నర్సింగ్ హోములో నర్సు కాగితాల కట్ట అందించి, "ఇక్కడ, ఇక్కడ, వెనకాల ఇంకొకటి" అని వేలితో చూపిస్తే, ఒక్క వాక్యమైనా చదవకుండా మూడు చోట్లా సంతకం పెట్టేశాను. మా మరిది ఊళ్ళో లేడు. లోపల చెల్లెలు కేకలు పెడుతోంది. అప్పుడు చదువు గుర్తుంటుందా?

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. నాలుగు కిలోల నూరు గ్రాములు. "బంగారు బొమ్మ" అని మురిసిపోతూ ఎత్తుకున్నాను. కుడి చెయ్యి పిడికిలి బిగించి గాలిలో ఆడిస్తోంది. ఎడమ చెయ్యి మాత్రం పక్కన వేలాడుతోంది. మోచెయ్యి వంగదు, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంది. "నిద్రలో ఉంది లెండి" అంది ఆయా. సాయంత్రానికి కూడా ఆ చెయ్యి నిద్ర లేవలేదు.

ఇక చూడండి, తలా ఒక మాట. గ్రహణం నాడు చెల్లెలు పెరట్లోకి వెళ్ళి ఉంటుందని ఆమె అత్తగారు తేల్చేశారు. డాక్టరు బిడ్డను పట్టుకు లాగేసిందని పక్క మంచం వాళ్ళు అన్నారు. మరిది తమ్ముడు పదిమంది కుర్రాళ్ళను వెంటబెట్టుకు వచ్చి, అద్దాలు పగలగొడితేగాని వీళ్ళకు బుద్ధి రాదన్నాడు. కోటి రూపాయలకు దావా వెయ్యమని సలహా చెప్పినవారూ ఉన్నారు. మా చెల్లెలు ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రి నా చెయ్యి పట్టుకుని, "నర్సు నా పొట్టమీద పడి నొక్కిందక్కా. దానివల్లే పిల్ల చెయ్యి పోయింది" అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. లోపలికి పంపించడానికి సంతకం పెట్టింది నేనే గదా!

చక్రవర్తికీ తప్పలేదు

ఈ జబ్బుకు ఎర్బ్స్ పాల్సీ అని పేరు. పందొమ్మిదో శతాబ్దంలో దీన్ని వివరించిన ఎర్బ్ అనే జర్మన్ వైద్యుడి పేరు మీద అలా పిలుస్తారు. మెడ దగ్గర వెన్నులోంచి ఐదు నరాల వేళ్ళు బయలుదేరి, ఒకదానితో ఒకటి అల్లుకుని చేతిలోకి పోతాయి. కాన్పులో బిడ్డ తల బయటికి వచ్చాక, భుజం తల్లి పొత్తికడుపు ముందున్న ఎముక వెనక చిక్కుకుపోతే మెడ సాగుతుంది. దాంతో ఆ నరాలు కూడా సాగుతాయి. ఒక్కొక్కప్పుడు తెగుతాయి. గట్టిగా లాగడం వల్లనే ఇలా అవుతుందని అందరూ అనుకుంటారు గాని, నొప్పుల ఒత్తిడికే నరం దెబ్బతినవచ్చుననీ, ఆపరేషన్ చేసి తీసిన బిడ్డలలో కూడా అరుదుగా ఈ గాయం కనిపిస్తుందనీ వైద్యులు గుర్తించారు.

చరిత్ర చదివినవారికి జర్మనీ చక్రవర్తి రెండవ విల్హెల్మ్ తెలిసే ఉంటాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కైజరు ఆయనే. విక్టోరియా మహారాణికి మొదటి మనుమడు. 1859 జనవరి 27న బెర్లిన్‌లో ఎదురుకాళ్ళతో పుట్టాడు. రాజవైద్యులు దగ్గర ఉండి కూడా ఎడమ చేతి నరాలను కాపాడలేకపోయారు. ఆ చెయ్యి కుడి చేతికన్నా ఆరంగుళాలు పొట్టిగా ఉండిపోయింది. విద్యుత్తు పెట్టారు. అప్పుడే కోసిన కుందేలు కళేబరంలో చెయ్యి ఉంచి వేడి పట్టించారు. లాభం లేకపోయింది. ఆయన ఫోటోలు చూడండి. ఎడమ చెయ్యి కత్తిపిడి మీదనో, చేతి తొడుగులు పట్టుకునో ఉంటుంది. ఆ లోపం కనబడనివ్వకుండా జీవితమంతా జాగ్రత్తపడ్డాడు.

ఇప్పుడు ఆ దుర్గతి లేదు. ఈ గాయం తగిలిన బిడ్డలలో ఎక్కువమందికి చెయ్యి దానంతట అదే కోలుకుంటుంది. కీళ్ళు బిగుసుకుపోకుండా రోజూ వ్యాయామం చేయించాలి. మూడు నెలలు వచ్చేసరికి మోచెయ్యి వంచుతున్నదా లేదా అన్నది గుర్తు. వంచకపోతే నరాల ఆపరేషన్ చేసే నిపుణుడికి చూపించాలి. ఆ ఆపరేషన్లు మొదటి ఏడాదిలోనే చేస్తే ఫలితం. "పెద్దయితే అదే వస్తుంది" అని ఊరుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

పురిటి గాయాలన్నీ ఒక్కటి కావని కూడా చెప్పాలి. తలమీద బొప్పి వంటివి సాధారణంగా వాటంతటవే తగ్గిపోతాయి. భుజం ముందటి ఎముక విరిగినా కొద్ది వారాల్లో అతుక్కుంటుంది. భయపడవలసింది మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం. సెరిబ్రల్ పాల్సీ అనే జబ్బుకు కష్టమైన కాన్పే కారణమని 1861లో లండన్ వైద్యుడు లిటిల్ చెప్పాడు. కలల శాస్త్రంతో పేరుపొందిన ఫ్రాయిడ్ మొదట నరాల వైద్యుడు. కడుపులోనే బిడ్డకు లోపం ఉంటే, దాని ఫలితంగానే కాన్పు కష్టమై ఉండవచ్చునని ఆయన 1897లో వాదించాడు. ఆ జబ్బులో కొద్ది భాగానికే కాన్పు నాటి ఊపిరాడకపోవడం కారణమని ఈనాటి పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి బిడ్డకు లోపం కనబడగానే డాక్టరు తప్పు చేసినట్టే అనడానికి వీలులేదు. తప్పు చెయ్యలేదనడానికీ వీలులేదు. మరి తేలేదెలా?

కేసు షీటు చెప్పిన కథ

గుంటూరులో మా అమ్మకు స్నేహితురాలైన ఒక పెద్ద డాక్టరమ్మగారు ఉన్నారు. ఫోన్ చేసి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "కేసు షీటు పట్టుకురా, అమ్మాయ్. చంటిదాన్నీ తల్లినీ కూడా తీసుకురా" అన్నారు.

అడిగితే నర్సింగ్ హోములో, "డిశ్చార్జి కాగితం ఇచ్చాం గదండీ" అన్నారు. ఆ కాగితం వేరు, కేసు షీటు వేరు. లోపల ఏ గంటకు ఏం జరిగిందో రాసేది కేసు షీటు. రోగిగాని, అధికారం ఉన్న బంధువుగాని అడిగితే 72 గంటల్లోపల ఆ రికార్డు ఇవ్వాలని వైద్యుల నడవడికి సంబంధించిన 2002 నాటి నియమాలలో ఉంది. నోటిమాట లాభం లేదని మా చెల్లెలి చేత అర్జీ రాయించి, నకలు మీద వాళ్ళ ముద్ర వేయించుకున్నాను. మూడోనాటికి కాగితాలు చేతికి వచ్చాయి.

డాక్టరమ్మగారు కళ్ళజోడు సవరించుకుని గంటసేపు చదివారు. తల బయటపడిన సమయం 4.12. బిడ్డ పూర్తిగా వచ్చిన సమయం 4.15. మధ్యలో తల్లి తొడలు పొట్టకేసి మడిచినట్టూ, నర్సు చేత నొక్కించినట్టూ రాసి ఉంది. అపుట్టిన బిడ్డ రంగు, గుండె, కదలిక, ఊపిరి, స్పందన చూసి మార్కులు వేసే అప్గార్ పద్ధతి ఒకటి ఉంది. 1952లో అమెరికాలో వర్జీనియా అప్గార్ అనే డాక్టరమ్మ కనిపెట్టింది. పదికి మా పిల్లకు మొదటి నిమిషంలో ఆరు, ఐదో నిమిషంలో తొమ్మిది వచ్చాయి.

"నర్సు ఎక్కడ నొక్కిందమ్మా? చెయ్యిపెట్టి చూపించు" అన్నారు ఆవిడ. మా చెల్లెలు పొత్తికడుపు అడుగున, ఎముక పైన చెయ్యి పెట్టింది.

"పైన, రొమ్ముల కింద నొక్కి ఉంటే పెద్ద తప్పు. భుజం ఎముకకు ఇంకా బిగుసుకుపోతుంది. కింద నొక్కితే భుజం పక్కకు జారుతుంది. ఆ నర్సు నీ పిల్ల చెయ్యి పోగొట్టలేదమ్మా, ప్రాణం నిలబెట్టింది. మూడు నిమిషాలకు బదులు పది నిమిషాలు పట్టి ఉంటే మనం ఇవాళ చెయ్యి గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు."

మా చెల్లెలు అప్పుడు ఏడ్చింది. పుట్టిననాటి నుంచీ కంట నీరు పెట్టనిది, వెక్కివెక్కి ఏడ్చింది.

ఆవిడ మళ్ళీ కాగితాలు తిరగేసి, "ఒక్క లోటు మాత్రం ఉంది. బిడ్డ పెద్దదని నెలముందే స్కానులో తెలిసింది. తల్లికి షుగరు లేదు గనుక అంతమాత్రానికే ఆపరేషన్ చెయ్యాలని శాస్త్రం చెప్పదు. కాని భుజం చిక్కుకోవచ్చునని మీకు చెప్పినట్టు ఎక్కడా లేదు" అన్నారు. చెప్పలేదు, నిజమే. మేమూ అడగలేదు.

న్యాయస్థానం ఏమంటుంది?

చెప్పకపోవడం చిన్న విషయం కాదు. స్కాట్లాండులో మాంట్‌గోమరీ అనే ఆవిడ పొట్టి మనిషి, పైగా షుగరు వ్యాధి. అటువంటి తల్లులలో నూటికి తొమ్మిది పదిమందికి బిడ్డ భుజం చిక్కుకునే ప్రమాదం ఉన్నా, చెబితే ఆపరేషన్ అడుగుతారని డాక్టరు చెప్పలేదు. 1999లో బిడ్డ పుట్టాడు. భుజం చిక్కుకుని పన్నెండు నిమిషాలు పట్టింది. మెదడుకూ చేతికీ దెబ్బ తగిలింది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు తల్లి పక్షాన తీర్పు చెప్పి, 52 లక్షల 50 వేల పౌన్ల పరిహారం ఇప్పించింది. ముఖ్యమైన ప్రమాదాన్ని రోగికి చెప్పి తీరాలన్నది ఆ తీర్పు సారం.

మన సుప్రీంకోర్టు ముందుకూ ఇటువంటి తండ్రి ఒకాయన వచ్చాడు. 1996లో చెన్నైలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో నెలలు నిండకుండా, 1,250 గ్రాముల బరువుతో ఆయనకు ఆడపిల్ల పుట్టింది. అటువంటి పసికందులకు కంటి వెనక పొర దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. సకాలంలో కళ్ళు పరీక్ష చేయించమని ఎవరూ చెప్పలేదు. పిల్లకు చూపు పోయింది. పందొమ్మిదేళ్ళ తరువాత, 2015లో, కోటి రూపాయలకు మించిన పరిహారం వచ్చింది. ఆ పిల్ల నెలలు నిండకుండా పుట్టడం దురదృష్టం. పరీక్ష చెయ్యకపోవడం దోషం. ఈ రెంటికీ మధ్య గీత గీయడమే న్యాయస్థానం పని.

తెలివైన వైద్యుడు కూడా కొన్నిసార్లు కాపాడలేడు. అది నేరం కాదు. సాటి వైద్యులు మామూలుగా చూపే శ్రద్ధ ఈయన చూపించాడా లేదా అన్నదే ప్రశ్న. ఘోరమైన నిర్లక్ష్యమైతే తప్ప క్రిమినల్ కేసు నిలవదనీ, ముందు మరొక వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలనీ సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. పరిహారం అడగడానికి వేరే దారి ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తీర్పు వచ్చింది. ఆస్పత్రికి కట్టిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యాలి. 5 లక్షల లోపైతే రుసుము లేదు. ప్లీడరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. గడువు మాత్రం రెండేళ్ళు. ఆలస్యమైతే తగిన కారణం చూపాలి. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి మీద ఈ చట్టం వర్తించదు. సివిలు కోర్టుకు వెళ్ళాలి. ఆడవారికీ, పిల్లలకూ, అంగవైకల్యం ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది వెనకాడుతున్నారు.

పలక పట్టిన చెయ్యి

మేము దావా వెయ్యలేదు. మా చెల్లెలు పిల్లనెత్తుకుని ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళి, "మాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగింది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "చెప్పి ఉండవలసింది" అన్నది. ఆ ఒక్క మాటతో మా కోపం సగం తీరింది. అద్దాలు పగలగొట్టి ఉంటే ఆ మాట మాకు దక్కేదా?

పదో వారంలో ఒకనాటి ఉదయం, పిల్ల ఎడమ మోచెయ్యి వంచి బొటనవేలు నోట్లో పెట్టుకుంది. ఇల్లంతా పండుగైపోయింది. ఇప్పటికీ ఆ చెయ్యి నెత్తిమీదికి పూర్తిగా లేవదు. తన జడ తాను అందుకోలేదు. మొన్న అక్షరాభ్యాసంలో మాత్రం ఆ చేత్తోనే పలక పట్టుకుని, కుడిచేత్తో దిద్దింది.

ఆ పీటల పక్కనే కూర్చున్న నాకు, చదవకుండా పెట్టిన ఆ మూడు సంతకాలూ గుర్తుకు వచ్చాయి. మీ ఇంట్లో కాన్పు ఉంటే, నెలలు నిండకముందే డాక్టరును అడగండి: బిడ్డ బరువెంత, తల్లికి షుగరు ఉన్నదా, ప్రమాదం ఏమైనా ఉన్నదా, ఉంటే మార్గమేమిటి అని. ఆ కాగితాలు ముందే ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదవండి. జరగరానిది జరిగితే మొదట బిడ్డకు వైద్యం, ఆ వెంటనే కేసు షీటు. కోపానికి ఆ తరువాత కావలసినంత వ్యవధి ఉంటుంది. తల్లిని మాత్రం ఎవ్వరూ ఒక్క మాట అనకండి. ఆమె పాపం గ్రహణం నాడు ఎక్కడికీ వెళ్ళలేదు.